తీగ లేని లైను మీద మూడు పిలుపులు

కొలతకు అందనిది ఏదైనా లేనట్టే లెక్క వేసుకోవడం నా అలవాటు. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే, ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, ఇంకెవరు చూశారు అని అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకు చాలామంది కాఫీ సంగతికి మళ్లేవారు. డెబ్బై ఒకటో ఏట కూడా నా అభిప్రాయం మారలేదు. మారని అభిప్రాయంతోనే ఇది రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా కొలత పరికరాలు బాగుచేసి రిటైరయ్యాను. తరువాత విజయవాడ వన్ టౌన్‌లో ఒక గది తీసుకుని, రైసు మిల్లుల బాయిలర్లకు చిన్న కంప్యూటర్లు అమర్చేవాణ్ణి. హనుమాన్ జంక్షన్ దగ్గరి ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో పెట్టినది వాటిలో ఒకటి. అక్కడి బాయిలర్ మనిషి పేరు ఏసుపాదం.

కంప్యూటరులో అన్నిటికీ అడుగున ఉండి యంత్రాన్ని నడిపేదాన్ని కెర్నెల్ అంటారు. బయటి పరికరానికి దానితో పని పడితే ఒక లైను మీద పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. కెర్నెల్ చేస్తున్న పనిని ఉన్నచోట ఆపి, పిలిచిందెవరో కనుక్కుని, జవాబిచ్చి, మళ్లీ ఆపినచోటికే వెళుతుంది. ఒకే లైను మీద రెండు పరికరాలుంటే రెంటినీ అడుగుతుంది. రెండూ ‘నేను కాదు’ అంటే అది దిక్కులేని పిలుపు. అటువంటివి సుమారు లక్ష పోగైతే లైనునే మూసివేసి, ‘ఎవరూ పట్టించుకోలేదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటి నమోదు చేస్తుంది.

ఆ మిల్లులో ఒకే లైను మీద బాయిలర్ నీటిమట్టం కార్డు, ‘నిప్పు రాజేయొచ్చు’ అని కంప్యూటరుకు చెప్పే ఒక ఎర్ర బటన్ ఉండేవి. ఏసుపాదం రోజూ ఉదయం ఆరూ పదికి ఆ బటన్‌ను మూడుసార్లు, ఆగి ఆగి నొక్కి, ఆ తరువాతే నిప్పు రాజేసేవాడు. ‘తండ్రి, కుమార, పరిశుద్ధాత్మా?’ అని ఒకసారి ఎగతాళి చేశాను. ‘మీరేదనుకుంటే అదేనండి’ అని నవ్వేశాడు.

ఎండాకాలంలో ఒకనాడు ఏసుపాదం ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. ఆ పని తమ్ముడు దానియేలుకు ఇచ్చారు. పాత బటన్ తుప్పుపట్టిందని నేను దాన్ని తీసేసి, వేరే లైను మీద కొత్త బటన్ పెట్టాను. ఏసుపాదం అడిగాడని పెట్టిన మూడు నొక్కులు అనవసరమనిపించి ఒక్క నొక్కుకే మార్చాను. పాత బటన్, దాని తీగ వన్ టౌన్‌లో నా బల్ల సొరుగులో వేసుకున్నాను.

పది రోజుల తరువాత రికార్డు చూస్తే, పాత లైను మీద రోజూ ఆరూ పదికి మూడు దిక్కులేని పిలుపులు ఉన్నాయి. పిలుపుకూ పిలుపుకూ నడుమ అరనిమిషానికి కాస్త అటూ ఇటూ. విద్యుత్తు అలజడి అంత నిదానంగా ఉండదు. కార్డు మార్చాను. ఎర్తింగు మళ్లీ వేయించాను. మోటారు కేబుళ్లు దూరం జరిపించాను. మూడు పిలుపులు ఆగలేదు. ఆదివారాలు మాత్రం ఒక్కటీ లేదు. మిల్లు ఆదివారమూ నడిచేది, అవే మోటార్లు తిరిగేవి. ఏసుపాదం మాత్రం ఆదివారం చర్చికి వెళ్లేవాడు.

చివరకు దాన్ని అలజడిగానే తీర్మానించి, రికార్డులోకి ఎక్కకుండా చేద్దామని ఒక సోమవారం ఆరు గంటలకే మిల్లుకు చేరాను. దానియేలు అప్పటికే నిప్పు రాజేశాడు. ఆరూ పదికి మొదటి పిలుపు వచ్చింది. రెండోది, మూడోది వచ్చాయి. నాలుగోది కూడా వచ్చింది. ఆపైన అంకెలు నా కంటికి అందలేదు. ఆరూ పద్నాలుగుకు కెర్నెల్ లైను మూసేసి ఆ వాక్యం రాసింది. ఆ లైను మీదే ఉన్న నీటిమట్టం కార్డు వినపడని బాయిలర్‌ను మండనివ్వకూడదని నేనే రాసిన నియమం ప్రకారం ఊక పోసే మోటారు ఆగిపోయింది.

“మీ కంప్యూటరు అలిగిందండీ,” అన్నాడు దానియేలు. “మట్టం చూపే గ్లాసులో సగానికి నీళ్లు కనపడతానే ఉన్నాయిగా. మళ్లీ వేసెయ్యండి సార్, షావుకారు నన్ను తిడతాడు.”

నా వేలు మోటారును మళ్లీ నడిపే మీట మీద ఉంది. ఎందుకు అడిగానో తెలియదు. “మీ అన్న ఆ బటన్ మూడుసార్లు ఎందుకు నొక్కేవాడు?”

“గేజి గ్లాసుకు మూడు కుళాయిలు గదండీ. ఒక్కోటి తిప్పి పరీక్ష చేశాక ఒక్కో నొక్కు. చెయ్యకుండా నొక్కేవోడు కాదు.”

“మరి నువ్వు చెయ్యడం లేదా?”

“మీరు మూడు నొక్కులు తీసేసి ఒక్కటి చేశారుగా సార్. ఇక అక్కర్లేదేమో అనుకున్నా.”

అడుగు కుళాయి తిప్పమన్నాను. గ్లాసులోని నీళ్లు దిగిపోయాయి. కుళాయి కట్టేశాక కూడా తిరిగి ఎక్కలేదు. అడుగు గొట్టం సున్నపు పెచ్చుతో పూడుకుపోయింది. మేము చూస్తున్నది ఎప్పటి నీరో. మట్టం కార్డూ ఆ గొట్టం మీదే ఆధారపడింది కనుక సరిపడా నీరుందని నమ్మింది, పంపు నీరు తోడడం మానేసింది. దానియేలు పంపు వైపు పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. “నీళ్లు పెట్టకు! నిప్పు లాగెయ్!” ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్లు పడితే ఆ షెడ్డులో ఇద్దరమూ మిగలం.

బాయిలర్ చల్లారాక తెరిచి చూశాం. నీరు నిప్పుగొట్టాల కిందికి దిగిపోయి ఉంది. 

మూడు నొక్కుల పద్ధతిని తిరిగి పెట్టాను. సొరుగులోని ఆ పాత బటన్నే శుభ్రం చేసి, కొత్త లైనుకు కలిపాను. పాత లైను మీద ఆ సోమవారం తరువాత దిక్కులేని పిలుపు ఒక్కటీ రాలేదు. ఇప్పటికీ నెలకొకసారి వెళ్లి చూస్తుంటాను.

నా నివేదికల్లో ‘కారణం’ అనే గడి ఉంటుంది. ఇన్నేళ్ల నా పనిలో దాన్ని ఖాళీగా వదిలినది ఈ ఒక్కసారే. రెండుసార్లు కలం పట్టుకున్నాను. రెండుసార్లూ ‘ఎవరూ పట్టించుకోలేదు’ అని కెర్నెల్ రాసిన వాక్యమే గుర్తొచ్చింది. అది లైను గురించి రాసిందో, నా గురించి రాసిందో తేల్చుకోలేక కలం మూసేశాను.