యోహాను బావ నల్లరాయి

నిన్న పొద్దున్నే అక్క ఫోన్. "మీ బావ ఎల్లిపోయేడే" అంది.

"ఎక్కడికి?" అని అడిగాను. పిచ్చిదాన్ని.

హార్ట్ ఎటాక్. షాపు తెరుస్తూనే కూలిపోయాడట.

నేను అనకాపల్లి చేరేసరికి ఇంటి ముందు జనం. "పాపం, సెయ్యి పోయినోడు" అని ఎవరో అంటున్నారు. ఏడుస్తూ అక్క దగ్గరికి వెళ్లిపోయాను. ఇప్పుడు చెబుతున్నా.

మా యోహాను బావని పాపం అనకండి.

బావ వడ్రంగి. ప్లేనింగ్ మెషీన్‌లో పడి కుడిచేతి వేళ్లు పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. చర్చి పెద్దలు జాలిపడి వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తామన్నారు.

"గేటు కాడ కూకోడానికి నానింకా సచ్చిపోలేదు" అన్నాడు.

చెక్కకి చిత్రిక పట్టి నునుపు చేయాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని చదునైన రాయి కోసం గ్రానైట్ యార్డుకి వెళ్లాడు. ఒక్కో పలక మీద ఇనప స్కేలు నిలబెట్టి, కింద నుంచి వెలుతురు వస్తోందేమో చూశాడు. వస్తే వద్దన్నాడు. యార్డువాళ్లు విసుక్కున్నారు. చివరికి మందంగా ఉన్న ఒక నల్లరాయి దొరికింది. వెలుతురు రాలేదు.

ఆ రాయి మీద గరుకు కాగితం అంటించి, చెక్కని ఎడమచేత్తో దాని మీద రుద్దేవాడు. రాయి అంత చదునుగా చెక్క తేలేది. తలుపులు కూడా దాని మీదే బిగించేవాడు. అటువైపు అక్క పట్టుకునేది.

ఓసారి రావికమతం నుంచి ఒకాయన కిటికీ తలుపుల కోసం వచ్చాడు. బావ చెయ్యి చూసి వెనక్కి తిరిగాడు.

"బాబూ, సెయ్యి సూసి ఎల్లిపోకు. తలుపు సూసి ఎల్లిపో."

ఆయన ఆగలేదు. కానీ సాయంత్రం భార్యని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆవిడ రాయి మీదున్న తలుపుని నాలుగు మూలలా నొక్కి చూసింది. ఏ మూలా లేవలేదు.

"ఏటి సూత్తన్నావు? ఇక్కడే సేయించు" అంది మొగుడితో.

బావ నవ్వనైనా లేదు. కొలతలు అడిగాడు.

ఈ రోజు సమాధి దగ్గర నుంచి వచ్చాక ఒక చుట్టం అక్కని అడిగాడు, "ఆ రాయి నాకిచ్చేత్తావేటమ్మా? వంటింటి గట్టుకి పనికొత్తాది" అని.

అక్క కళ్లు తుడుచుకుంది. "ఇవ్వను. సగం అయిన తలుపులు ఉన్నాయి. నాను సేత్తాను."

వెళ్లిరా బావా. ప్రభువు నీకు శాంతినివ్వాలి. చేతిలో పని లేకపోతే నీకు శాంతి ఉండదని ఆయనకి తెలిసే ఉంటుంది.