మసిలో పూసిన క్రోటన్లు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, గోదావరిఖనిలో తెల్లచొక్కా తొడుక్కుని బయటికి రావడం సాహసం కిందే లెక్క. అప్పుడే బొగ్గుగని ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాకు క్వార్టరూ, పెళ్లి చేసుకోవాలన్న కోరికా ఒకేసారి వచ్చాయి. మంథని సంబంధం కుదిరినట్టే కుదిరి ఆగిపోయింది. పిల్ల తండ్రి బడిపంతులు. "పిలగాడు మంచోడే గానీ, నా బిడ్డను ఆ మసిల పడెయ్య" అన్నారట. నేనేమో ఆ పిల్లను ఒక పెళ్లిలో దూరం నుంచి చూసి (ఆమె నన్ను చూడలేదు, అదే నా అదృష్టం), చేసుకుంటే ఆమెనే అని తీర్మానించుకుని ఉన్నాను. అందుకే మధ్యవర్తిగా ఉన్న మా బావతో, "మా క్వార్టరు చుట్టూ రంగురంగుల క్రోటన్ల కంచె ఉన్నదని చెప్పు బావా" అని కబురు పంపాను.

అది అబద్ధమేమీ కాదు. క్లబ్బు దగ్గర కత్తిరించి పారేసిన కొమ్మలు తెచ్చి గుచ్చితే, ఎరుపూ పసుపూ ఊదా కలగలిసి నడుమెత్తు పెరిగాయి. ఎండాకాలంలోనూ ఆకు రాల్చలేదు. కాకపోతే వాటి మీద ఎప్పుడూ బొగ్గు దుమ్మే కనుక ఆ రంగుల సంగతి నాకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. "అయితే నా కండ్లతోటి చూస్త" అని పంతులుగారు బయల్దేరారు.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే కూర్చుని ఆకు ఆకూ కడిగాను. పక్క క్వార్టరులో మేమంతా కాక అని పిలిచే పెద్దాయన (గనిలో ఎంత అలిసినా సలహాలకు మాత్రం అలవనివాడు) చూసి, "ఉత్త నీళ్లతోటి ఏం మెరుస్తది కొడుకా! కొబ్బరినూనె రుద్దు, పెండ్లిపిల్ల జడ లెక్క నిగనిగలాడ్తది" అన్నాడు. రుద్దాను. నిజంగానే నిగనిగలాడింది. ఆ సంబరంలో పంతులుగారిని తీసుకురావడానికి బస్టాండుకు పరిగెత్తాను.

మా కాలనీలో ఒక అలవాటుండేది. ఇంటిముందు పచ్చిబొగ్గు కుప్ప పోసి ముట్టించి, పొగంతా పోయాక నీళ్లు చల్లి ఆర్పి, ఆ కాలిన బొగ్గును పొయ్యిలోకి వాడేవాళ్లం. చుట్టానికి వంట ఆలస్యం కాకూడదని కాక ప్రేమకొద్దీ నా కంచె పక్కనే పెద్ద కుప్ప ముట్టించాడు. మేం వచ్చేసరికి ఆ పొగంతా నూనె ఆకులకు కాటుకలా పట్టేసింది. గొంగళ్లు ఆరేసినట్టుంది నా కంచె.

"ఏడున్నయ్ పిలగా రంగులు?" అన్నారు పంతులుగారు.

నేను నోరు తెరిచేలోపే కాక ఎదురొచ్చి, "ఫికర్ చెయ్యకుండ్రి, వంటకు బొగ్గు తయారున్నది!" అన్నాడు గర్వంగా.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కొత్త తెల్లచొక్కా అంచుతో ఒక ఆకు తుడిచాను. ఎర్రగా బయటపడింది. ఇంకొకటి తుడిచాను. పసుపు. నూనెమసి కదా, ముందు చొక్కా పోయింది, తర్వాత చేతులు పోయాయి, చెమట తుడుచుకునేసరికి మొహమూ పోయింది. అయినా ఆపలేదు. పంతులుగారు చాలాసేపు చూసి, ఉన్నట్టుండి కడుపు పట్టుకుని నవ్వారు.

"చాలు తియ్యి పిలగా! ఆకు మీద మసి పడితెనే గింత పరేషానయితున్నవ్. ఇగ నా బిడ్డకు ఫికర్ లేదు. మీ బావను పిలువు, ముహూర్తం మాట్లాడుదాం."

ఆ కథ ఆయన కూతురికి కూడా చెప్పారు. నా కొంప మునిగింది అక్కడే. కాపురానికొచ్చిన మర్నాడే, "మంచిగ తుడుస్తరట గదా" అంటూ తడిగుడ్డ నా చేతికిచ్చింది. ఫ్యాను రెక్కల నుంచి కిటికీ ఊచల దాకా ఇప్పటికీ నా డ్యూటీయే. గని ఉద్యోగానికి రిటైర్మెంటు వచ్చింది గానీ దీనికి రాలేదు. ఇప్పుడు మా ఇంటిముందు క్రోటన్ల మీద మసి లేదు. అయినా పొద్దున్నే ఒక ఆకును చొక్కా అంచుతో తుడుస్తుంటాను. "మళ్ల చొక్క ఖరాబు చేస్తుండ్రా!" అని లోపల్నుంచి కేకేస్తుంది. ఆ కేక కోసమే తుడుస్తున్నానని ఆమెకింకా చెప్పలేదు.