ఆపిల్ కోతకు వెళ్లే పిల్లల హాజరు

ఆ మంగళవారం ఉదయం తొమ్మిదయ్యేసరికి హెర్మీనియా సురీతా ముప్పయ్యొక్క ఇళ్లకు ఫోన్ చేసి, పిల్లలు బడికెందుకు రాలేదో అడిగింది. కాలిఫోర్నియాలోని మదేరా ఊళ్లో హైస్కూలు హాజరు గుమాస్తాగా ఆమెకిది పంతొమ్మిదో ఏడు. ఎవరికి నిజంగా జ్వరమో, ఎవరు ద్రాక్షతోటలో తీగలు కడుతున్నారో తల్లి గొంతు వింటేనే తెలిసిపోతుంది.

పదింటికి యారెత్సీ వచ్చి కాలేజీ ఫీజు సాయం ఫారం తిరిగిచ్చేసింది. నర్సు చదువుకు సీటొచ్చిన పిల్ల. ఇంట్లో ఎవరికీ ఈ దేశంలో ఉండేందుకు కాగితాల్లేవు. అలాంటి పిల్లలకూ రాష్ట్రం స్థానికుల ఫీజే తీసుకుంటుంది, చదువుకు సాయమూ చేస్తుంది. అయితే కాలిఫోర్నియా బడుల్లో మూడేళ్లు చదివినట్టు ప్రమాణం చేయాలి. ఆ గడిలో యారెత్సీ ‘లేదు’ అని రాసింది. గడువు మార్చి రెండు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

“హైస్కూల్లో మూడేళ్లకు ఏడు నెలలు తక్కువయింది మిస్. తొమ్మిదో తరగతంతా వాషింగ్టన్ రాష్ట్రంలోనే. తర్వాత కూడా ఏటా నవంబరు దాకా ఆపిల్ కోతలేగా. ప్రమాణం చేసి అబద్ధం రాయొద్దన్నాడు నాన్న.”

“లెక్కల్లో నీకేం గ్రేడిచ్చారే?”

“‘ఏ’ గ్రేడు.”

“ఇచ్చినవాళ్లు మరీ మెతకవాళ్లు. చిన్నబడి ఎక్కడ చదివావ్?”

“ఇక్కడే, అయిదు దాకా. అదెవరు లెక్కపెడతారు?”

“చట్టం పెడుతుంది. మొదట్లో పెట్టేది కాదు, తర్వాత మార్చారు. మీ నాన్నకు చెప్పు, అబద్ధం రాయక్కర్లేదు.”

హెర్మీనియా లా చదవలేదు. ఎండుద్రాక్ష షెడ్డులో తొమ్మిదేళ్లు పనిచేసి ఈ కుర్చీలోకి వచ్చింది. రాష్ట్రం పంపే కాగితాలను మాత్రం కింద గీతలు గీసుకుంటూ చివరిదాకా చదువుతుంది.

ఆ చిన్నబడి మూతపడి ఆరేళ్లయింది. రిజిస్టర్లు జిల్లా గోదాములో ఉన్నాయి. భోజనం మానేసి అక్కడికి వెళితే, వచ్చేవారం రమ్మన్నాడు గోదాము ఉద్యోగి. ఆమె వాదించలేదు. యారెత్సీకి ఫోన్ కలిపి అతని చేతికిచ్చింది.

“ఆ మాటేదో ఈ పిల్లకు నువ్వే చెప్పు నాయనా.”

అతను ఫోన్ తిరిగిచ్చేసి తాళాలు తీశాడు. ఇద్దరూ కలిసి పెట్టెలు దించారు. మూడో పెట్టెలో రెండు తరగతులు, తొమ్మిదో పెట్టెలో మిగతావి దొరికాయి. అక్కడా ప్రతి శరదృతువులో రెండు నెలలు ఖాళీలే. అవన్నీ తీసేసి కూడింది. చిన్నబడి ఒక్కటే నాలుగేళ్లు తేలింది.

బుధవారం యారెత్సీ ఫారం కొత్తగా నింపి సంతకం పెట్టి పంపింది. ఆ మధ్యాహ్నమే హెర్మీనియా, ఏటా ఆపిల్ కోతకు వెళ్లొచ్చే ఇళ్ల జాబితా తీసింది. ఈ ఏడు బడి ముగించేవాళ్లలో ఇంకా ఫారం ఇవ్వనివాళ్లు పదకొండు మంది.