ఏటీఎం గదిలో మా నాయన

హిందూపురంలో మా బ్యాంకుకు ఏటీఎం వచ్చిన కొత్తలో ఊరంతా వచ్చి చూసిపోయింది గానీ వాడినవాళ్లు తక్కువ. రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్లయింది. నేను అప్పుడు ఆ శాఖలో గుమస్తాను. బ్యాంకు పక్కనే చిన్న గది, గాజు తలుపు, లోపల ఏసీ, బయట స్టూలు మీద వాచ్‌మన్. జనం తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, తిరిగి మా కౌంటరు ముందే నిలబడేవాళ్లు.

ఇది మా పై ఆఫీసుకు నచ్చలేదు. ఏ మిషన్‌ను ఎంతమంది వాడుతున్నారో వాళ్లు లెక్క తీసేవాళ్లు. ఆ లెక్కను 'హిట్లు' అనేవాళ్లు. నెలనెలా శాఖలన్నిటినీ వరసలో పెట్టి ఒక కాగితం పంపేవాళ్లు. అందులో ధర్మవరం ఎప్పుడూ పైన, మేము ఎప్పుడూ కింద. ఆ కాగితం వచ్చిన రోజు మా మేనేజరుకు టీ కూడా సయించేది కాదు. చివరకు ఒక సాయంత్రం అందరినీ పిలిచి, ముందు ఎవరింట్లో వాళ్లకు మిషన్ అలవాటు చేయమన్నాడు.

మా ఇంట్లో ఉన్నది నాయన. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దారిలో బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాడు. ఖాతాకు అవసరమైనదానికంటే ఎక్కువసార్లు బ్యాంకుకు వచ్చేవాడు. కూతురు లోపలే ఉన్నా లైన్లోనే నిలబడేవాడు. తన వంతు దగ్గరపడితే వెనకనున్నవాళ్లను ముందుకు పంపి, ఆగిపోయిన మాట మళ్లీ అందుకునేవాడు.

"నాయనా, నీకు కార్డు ఇప్పిస్తా. ఇంగ లైన్లో నిలబడే పనుండదు" అన్నాను.

"నిలబడితే నాకేమన్నా కాళ్లు నొస్తాండాయా? నిలబడే గదా బతికింది."

"మా మేనేజరు అడుగుతాండాడు."

"మేనేజరు కోసమా. ఆ మాట ముందే చెప్పొద్దా మల్ల."

కార్డు చేతికొచ్చాక ఒకరోజు భోజనం వేళ తీసుకుపోయి చూపించాను. కార్డు పెట్టి, నంబరు నొక్కి, ఖాతాలో ఎంతుందో చూసుకున్నాడు. మిషన్ గుర్రుమని చిన్న చీటీ ఇచ్చింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "టికెట్టు బాగుండాది" అన్నాడు. అంతలో తలుపు దగ్గర ఒక ఆమె కార్డు పట్టుకుని జంకుతూ నిలబడింది. నాయన తలుపు తీసి పట్టుకున్నాడు. "రామ్మా, లోపలికి రా. ఏం కాదు."

నేను కౌంటరుకు వెళ్లిపోయాను. నాయన సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు.

మరుసటి రోజూ వచ్చాడు. ఆపైన రోజూ వచ్చాడు. వారం తిరక్కముందే ఆ గాజు గది బయట మనుషులు నిలబడటం మొదలైంది. "ఒగరు బయటికొస్తే ఇంగొగరు. తోసుకోవద్దండప్పా" అని లోపలినుంచి ఆయన గొంతు మా కౌంటరు దాకా వినిపించేది. నంబరు నొక్కే సమయానికి గోడ వైపు తిరిగి నిలబడేవాడు. "నంబరు ఎవరికీ చెప్పొద్దు, నాకు గూడా" అనేవాడు. ఒకప్పుడు ఆయన బస్సెక్కినవాళ్లు గుర్తుపట్టి పలకరించేవాళ్లు. కొత్తచెరువు ఊళ్లో వాన పడిందా, ఎవరి కూతురికి కాన్పయింది, అన్నీ ఆ చల్లటి గదిలోనే తెలిసేవి. "దుడ్లు తియ్యకున్నా పర్వాలేదు, ఎంతుండాదో చూసుకోని పోండి" అని అందరికీ చెప్పేవాడు. అది ఎండాకాలం. పొద్దున చూసుకున్న బ్యాలెన్సునే కొందరు మధ్యాహ్నం మళ్లీ వచ్చి చూసుకునేవాళ్లు.

ఆ నెల కాగితంలో మా పేరు ధర్మవరం పైకి వెళ్లింది. మేనేజరు మైసూర్‌పాక్ తెప్పించాడు. ఇదెలా జరిగిందో ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఉద్యోగంలో భాగమని ఆయన ముఖం చూస్తే అర్థమయ్యేది.

అయితే చీటీల కాగితం చుట్టలు అయిపోతూనే ఉన్నాయి. మళ్లీ మళ్లీ పంపమని అడిగేవాళ్లం. హిట్లు అన్ని ఉంటే మిషన్‌లో నింపిన డబ్బు మాత్రం ఎందుకు తరగడం లేదని పై ఆఫీసులో ఎవరికో అనుమానం వచ్చింది. ఒక రోజు అక్కడినుంచి ఒక అధికారి దిగాడు. నేరుగా ఏటీఎం గదికే వెళ్లాడు. మేనేజరూ నేనూ వెనకాలే పరిగెత్తాం.

ఆయనెవరో నాయనకు తెలియదు. "ఏమప్పా, కార్డు తెచ్చినావా?" అన్నాడు.

"తెచ్చాను."

"అయితే పెట్టు. అట్ల కాదు, తిప్పి పెట్టు."

అధికారి తిప్పి పెట్టాడు. నాయన గోడ వైపు తిరిగాడు.

"మీరు బ్యాంకు ఉద్యోగా?"

"కాదప్పా. నా కూతురు ఉండాది లోపల. నేను ఊరికే."

"మరి మీ డబ్బులు ఇందులోనే తీసుకుంటారా?"

"నేనా? దుడ్లు కౌంటర్లోనే తీసుకుంటా. ఆడైతే మనిషి చేతికిస్తాడు గదా. దీంట్లో ఎంతుండాదో చూసుకుంటా, అంతే."

మేనేజరు పైకప్పు చూశాడు. అధికారి మా వైపు తిరిగాడు. పెదవులు బిగబట్టుకున్నా ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. తర్వాత లోపల కాఫీ తాగుతూ, "ఆయన్ను ఏమీ అనకండి. కానీ ఆ గదిలో ఒక్కరే ఉండాలి, అది రూలు" అన్నాడు. వెళ్లిన కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి డబ్బు తీస్తేనే హిట్టు. మా పేరు పాత చోటికి దిగింది.

నాయనకు చెప్పే పని నామీద పడింది. సంగటి తింటున్నప్పుడు చెప్పాను.

"నేనేమన్నా తప్పు చేస్తినా?" అన్నాడు.

"లేదు నాయనా. లోపల ఒగరే ఉండాలంట."

తిని చెయ్యి కడుక్కున్నాడు. కొన్నాళ్లు బ్యాంకు వైపే రాలేదు. కౌంటర్లో కూర్చుని మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నానని పక్క సీటామె చెప్పేదాకా నాకే తెలియలేదు. "ఆ పెద్దాయన లేడేమ్మా?" అని అడిగినవాళ్లంతా మళ్లీ మా లైన్లో చేరారు. లైను వీధిలోకి సాగాక మేనేజరే స్వయంగా మా ఇంటికి వచ్చి, బ్యాంకు హాల్లో ఫ్యాను కింద ఆయనకు కుర్చీ వేయించానని చెప్పాడు. మర్నాడు నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "నువ్వే పోయి నొక్కు, నేను ఈడనే ఉంటా" అని ఒక్కొక్కరినీ పంపేవాడు. వాళ్లు తీసిన నోట్లు తెచ్చి ఆయనకు చూపించి పోయేవాళ్లు. హిట్లు మెల్లగా పెరిగాయి. ధర్మవరాన్ని మాత్రం దాటలేదు.

తర్వాత నన్ను పెనుకొండకు బదిలీ చేస్తే, రోజూ బస్సులో పోయివచ్చేదాన్ని. సాయంత్రం ఇల్లు చేరి చెప్పులు విడిచేలోపే నాయన హిందూపురం శాఖ కబుర్లన్నీ చెప్పేవాడు.

"మీ పెనుకొండకు మిషన్ ఎప్పుడొస్తాది పాపా?" అన్నాడొకసారి.

"ఎందుకు నాయనా?"

"ఊరికే. బస్సు పాసు ఉండాది గదా."