డిప్‌స్టిక్ దగ్గర వంగని నడుము

ఆ ఏడు జూన్ మొదటి వారంలో నన్ను పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి బాంబూఫ్లాట్ నుంచి కదిల్చి, ఉత్తరాన డిగ్లీపూర్ దాటాక పడవెక్కితే గాని చేరలేని ఒక చిన్న ద్వీపపు డీజిల్ పవర్‌హౌస్‌లో ఆపరేటరుగా వేశారు. ఆర్డరులో ‘ప్రజాప్రయోజనార్థం’ అని రాశారు. ప్రజలు అరవై గడపలు. ప్రయోజనం దీపాలు, ఫ్యాన్లు, అన్నిటికన్నా ముఖ్యంగా చేపల ఐసు గది. ఉన్న ఇంజన్లు రెండు. ఒకటి మరమ్మతుకని విప్పి ఉంది. ఆ ముక్కల్ని చూస్తే బ్రహ్మదేవుడు కూడా పానా పారేసి దణ్ణం పెడతాడు. నడిచేది రెండోదే. అది దగ్గితే సముద్రం రెండు బారలు వెనక్కి జరిగేది.

ఇద్దరు ఆపరేటర్లం, చెరి పన్నెండు గంటలు. గంటకోసారి మీటర్లు చూసి లోడు, వేడి, నూనె ఒత్తిడి లాగ్‌బుక్కులో ఎక్కించాలి. నాలుగు గంటలకోసారి ఇంజను పక్కన వంగి డిప్‌స్టిక్, అంటే నూనె మట్టం చూపే ఇనప పుల్ల, లాగి తుడిచి మళ్ళీ దించి, నూనె ఏ గీత దాకా అంటిందో రాయాలి. నా జోడీదారు తన భార్య కాన్పుకని పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాడు. వెంటనే సముద్రం లేచింది, ఓడలు ఆగాయి, రెండు షిఫ్టులూ నా నెత్తిన పడ్డాయి. రీడింగుకీ రీడింగుకీ మధ్య బల్లమీద నేను తీసిన కునుకులన్నీ కలిపి కుట్టినా ఒక నిద్ర కాదు.

ఆరో రోజు డీజిల్ పీపా దొర్లిస్తుంటే నడుము కలుక్కుమంది. ఆ చప్పుడు నికోబార్ దాకా వినబడే ఉంటుంది. అప్పటినుంచి తుమ్ము వస్తే గోడ పట్టుకుని, ఇంటి ఇలవేల్పులందరినీ పేరుపేరునా పిలిచి, వాళ్ళు వచ్చాకే తుమ్మేవాణ్ణి. నిలబడి చూడగలిగిన మీటర్లన్నీ నిజంగానే చూసి రాశాను. డిప్‌స్టిక్ మాత్రం నేలకు మూరెడెత్తున ఉండేది. ఒకసారి వంగబోతే పట్టపగలే చుక్కలు కనబడ్డాయి. ఇంతలో నూనె ఎక్కడికి పోతుందిలే అని, పై వరసలోని మట్టాన్నే కింది వరసలోనూ దించాను. అలా అయిదుసార్లు. పైఅధికారి జూనియర్ ఇంజనీరు ఫోనులో అంతా నార్మలేనా అంటే, నార్మలే సాబ్ అన్నాను. నడుము సంగతి చెబితే పనికిరానివాడి కింద జమకడతారని భయం.

మర్నాడు మధ్యాహ్నం ఇంజను తనంతట తానే ఆగిపోయింది. నూనె ఒత్తిడి పడిపోతే లోపలి భాగాలు కాలకముందే ఇంజన్ను ఆపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది తన డ్యూటీ చేసింది. చేయనిది నేనే.

అయిదు నిమిషాల్లో అప్పలనర్సమ్మ వచ్చింది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన చేపలవాళ్ళ ఇంటి మనిషి. ఐసు గది తాళం ఆవిడ నడుమునే ఉండేది. ఓడ రాక, మూడు పడవల చేప ఆ గదిలో పేరుకుపోయి ఉంది.

“ఏటి భయ్యా, కరెంటు ఒగ్గీసి బొమ్మనాగ నిలబడిపోనావు? పొద్దుగూకీసరికి సరుకంతా కంపయిపోద్ది. జల్దీ కరో!”

నూనె చూడాలి దీదీ అన్నాను.

“సూడు మరి. మూర్తం ఎట్టించాలా?”

నిన్నటినుంచి నడుము వంగడం లేదని చెప్పాను. ఆవిడ బల్లమీది లాగ్‌బుక్కు వైపు చూసింది.

“ఆ బుక్కులో అన్నీ రాసీసినావు గదా. మరి నిన్న వంగి సూసినోడెవుడు?”

ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఏ తనిఖీ అధికారీ అడగని ప్రశ్న అది. చూడకుండా రాశానని ఒప్పేసుకున్నాను.

“మా బోటింజనుకి నూనె నానే సూత్తాను. జరుగు,” అని చెంగు దోపి, కూర్చుని పుల్ల లాగింది. “నూనేదీ? తడి కూడా లేదు గదయ్యా!”

నూనె గొట్టం బిగింపు ఒకటి వదులై, రాత్రంతా చుక్కచుక్కగా కారిపోయింది. ఆవిడ పానా అందుకుని బిగిస్తుంటే నేను గోడకు ఆనుకుని, ఇంకో అర చుట్టు తిప్పమని పురమాయించాను.

“బిగించడం నాకు సెప్పకు. నువ్వు పడిపోకుండా నిలబడు, అదే నీ డూటీ.”

బిగించి, నూనె పోసి, ఇంజన్ను చేత్తో ఒక చుట్టు తిప్పి చూసింది. ఎక్కడా పట్టేయలేదు. స్టార్ట్ చేశాను. ఒత్తిడి ముల్లు లేచేదాకా ఇద్దరం ఊపిరి తీసుకోలేదు. ఐసు గది గచ్చు తడిసిందంతే, చేప గట్టిగానే ఉంది.

లాగ్‌బుక్కులో తప్పు చెరపకూడదు, అడ్డగీత కొట్టి సంతకం చేయాలి. అయిదు మట్టాలకూ గీత కొట్టి, పక్కన ఇలా రాశాను: ‘చూడకుండా రాసినవి. ఆపరేటరు నడుము వంగడం లేదు. బయటి మనిషి సాయంతో నూనె నింపడమైనది.’ తరువాత జూనియర్ ఇంజనీరుకు ఫోన్ చేసి అదే చదివి వినిపించాను. ఆయన “పహలే బోల్నా థా నా, ముందే చెప్పాల్సింది కదా,” అన్నాడు. నా బదులు మనిషి, నడుము పట్టీ, మందలింపు మెమో ముగ్గురూ ఒకే ఓడలో దిగారు. మెమో నా ఫైల్లో న్యాయంగానే ఉంది.

ఆ తరువాత, స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా, ఎక్కడ షిఫ్టు మారినా, దిగిపోయే ఆపరేటరును ముందు ఒంట్లో ఎలా ఉందని అడిగి, ఆ తరువాతే ఇంజను సంగతి అడిగేవాణ్ణి. నొప్పి ఉందన్నవాడి రీడింగులు నమ్మాను. బ్రహ్మాండంగా ఉన్నానన్నవాడి రీడింగు మళ్ళీ నేనే తీసుకున్నాను.