మా ఆడబిడ్డ వెతికిపెట్టిన డాక్టరమ్మ

విరోధి నామ సంవత్సరం, మార్గశిరం, గురువారం. సూర్యాపేట.

కోదాడలో మా ఆడబిడ్డ పోయింది. సోమవారం పొద్దున పెరట్లో ముఖం కడుక్కుంటూ గుండె పట్టుకుని కూర్చుందట, మళ్లీ లేవలేదు. కబురు అందగానే వెళ్లాను, సాగనంపి వచ్చాను. వచ్చే బుధవారం ఆమెకు పదోరోజు. మా ఆయన కాలం చేశారు కనుక ఆమెకు పుట్టిల్లంటే ఇప్పుడు నేనే. ఆ రోజు నేనక్కడ ఉండి తీరాలి. ఉండటం లేదు. అదే బుధవారం మధ్యాహ్నంలోగా నా మనవరాలిని బెజవాడ ఆసుపత్రిలో చేర్చాలి, మర్నాడు ఆపరేషన్. తల్లి లేని పిల్ల, నేనే పెంచాను, నేనే తీసుకెళ్లాలి. ఆ తేదీ దాటితే డాక్టరమ్మ మద్రాసు వెళ్లిపోతుంది, ఎండాకాలం దాకా తిరిగి రాదు.

అందుకని అక్కడ నోటితో చెప్పవలసిన నాలుగు మాటలు కాగితం మీద పెడుతున్నాను. పదోరోజు కూడే బంధువులందరూ చదవాలి, మగవాళ్లతో సహా. ఇందులో ఆడవాళ్ల నెలసరి మాట వస్తుంది. సిగ్గుపడేవాళ్లు పడవచ్చు. చదవడం మాత్రం మానవద్దు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా ఆడబిడ్డ ఇంకా లంగా ఓణీల పిల్ల. గొంతు పెద్దది. వీధి మలుపులో ఉండగానే ఆమె వస్తున్నట్టు ఇంట్లో తెలిసేది. ఎవరి మూట కనబడినా విప్పి చూసేది, ఎవరి కూరైనా రుచి చూసి ఉప్పు వేసేది. అంత గొంతూ నెలలో మూడు రోజులు వినబడేది కాదు. పక్క గదిలో చాప మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఓణీ కొంగు పళ్ల మధ్య పెట్టుకుని పడుకునేది. పెళ్లయితే తగ్గుతుందని మా అత్తగారు అన్నారు. కోదాడకు ఇచ్చి పెళ్లి చేశారు. తగ్గలేదు. కాన్పయితే తగ్గుతుందన్నారు. కాన్పు కాలేదు. ఆ తర్వాత ఆమెను ఏమని పిలిచేవారో మీకందరికీ తెలుసు, మీలో కొందరు పిలిచారు కూడా.

నా మనవరాలికీ అదే నొప్పి వచ్చింది. మిర్యాలగూడకు ఇచ్చాం. రెండేళ్లలో ఆ పిల్ల సగమైపోయింది. విషయం తెలిసి నేను వియ్యపురాలికి మర్యాదగా ఒక ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మా ఆడబిడ్డ ఎదురుచూడలేదు, బండి కట్టించుకుని నేరుగా మిర్యాలగూడ వెళ్లింది. అక్కడ జరిగింది మనవరాలు చెప్పగా విన్నాను.

"నెలకు నాల్గు దినాలు మీ పిల్లకు పండుగే," అందట వాళ్లత్త. "గింత నొప్పి మాకు రాలేదా?"

"రాలేదు గదా, సంతోషపడు. వచ్చినదాన్ని నేను తీస్కపోతున్న."

"మల్ల ఎప్పుడు పంపుతరు?"

"లేసి నడిసినప్పుడు. నువ్వు మాత్రం నిలబడే ఉండకు, కాళ్లు గుంజుతయ్."

పిల్లను తెచ్చి నా గడపలో దించింది. వారం తిరక్కుండానే పిల్ల బయట చేరింది. మా ఇంట్లో నియమం మీకు తెలిసిందే. మూడు రోజులు పక్క గది, వేరే చాప, వేరే చెంబు. ఎవరూ ముట్టుకోరు. నాలుగోనాడు తలస్నానం అయ్యాకే లోపలికి రావాలి. అత్తగారి నుంచి నాకు వచ్చింది, నా తర్వాత వాళ్లకు నేను ఇచ్చాను. పిల్ల గదిలో మూలుగుతోంది. నేను గుమ్మం ఇవతల నిలబడి, కషాయం గిన్నె కాలితో ముందుకు తోసి, "తాగమ్మా" అంటున్నాను.

మా ఆడబిడ్డ వచ్చి చూసింది. తన మూట ఆ గదిలోకి విసిరి, తానూ వెళ్లి చాప మీద కూర్చుంది.

"వదినా, నేను గూడ బయట కూసున్న."

ఆమెకు ఆ బాధ వదిలి ఎన్నో ఏళ్లయింది. "ఈ వయసులోనా?" అన్నాను.

"నా వయసుతోని నీకేం పని? బయటున్నోళ్లను బయటున్నోళ్లు ముట్టుకోవచ్చునా, లేదా? సదువుకున్నదానివి, సెప్పు."

"ముట్టుకోవచ్చు."

"ఇగ తలుపెయ్యి. ఇద్దరికీ అన్నం పంపు. నాకు జర పచ్చడి ఎక్కువెయ్యి."

తలుపు వేశాను. లోపల ఆమె పిల్ల నడుము పిసుకుతూ ఏదో చెబుతోంది. కాసేపటికి పిల్ల నవ్వడం వినబడింది. వాకిట్లో మడిబట్టలు ఆరేస్తూ విన్నాను. ఆ తర్వాత ప్రతి నెలా తేదీ చూసుకుని కోదాడ నుంచి వచ్చేది, వచ్చీ రాగానే తానూ బయట చేరానని ప్రకటించేది. వాకిట్లో అందరూ నవ్వుకునేవాళ్లు. నేనొక్కదాన్నే నవ్వలేదు. ఆమె ఆడేది అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధం ఉన్నంతకాలం నా నియమానికి ఏ ఇబ్బందీ లేదనీ తెలుసు. తలుపు తీసి లోపలికి వెళ్లడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు, ఆ ఇంటికి పెద్దదాన్ని నేనే.

వైద్యం కోసం చాలా చోట్ల తిరిగాం. ఇక్కడి వైద్యుడు వేడి చేసిందన్నాడు. హైదరాబాదు దవాఖానలో తల ఎత్తకుండానే మందు చీటీ రాసి, "ఒక బిడ్డ పుడితే అంతా సర్దుకుంటుంది" అన్నారు. పెద్ద డిగ్రీలున్న డాక్టరు ఎవరా అని నేను తెలిసినవాళ్లకు ఉత్తరాలు రాస్తున్నాను. మా ఆడబిడ్డ పద్ధతి వేరు. కోదాడలో బెజవాడ బస్సు ఆగేచోట కూర్చునేది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు దిగితే చాలు, మంచినీళ్లిచ్చి పట్టుకునేది.

"నీకు సూసిన డాక్టరమ్మ నువ్వు సెప్పింది ఆఖరుదాంక ఇన్నదా? మజ్జన ఆపిందా?"

ఆపిందంటే ఆ పేరు వదిలేసేది. దానికి నేను విసుక్కుంటే, "డిగ్రీలు గోడకుంటయ్ వదినా. మనకు చెవులున్న మనిషి గావాలె," అంది. అలా నెలల తరబడి అడిగితే ముగ్గురు వేర్వేరు ఊళ్ల ఆడవాళ్లు ఒకే డాక్టరమ్మ పేరు చెప్పారు.

పిల్లను తీసుకుని ముగ్గురం బెజవాడ బయల్దేరాం. హైదరాబాదు రాష్ట్రం సరిహద్దు నాకా దగ్గర సుంకం వసూలు చేసే కరోడ్గిరి జవాను బస్సులో సామాన్లన్నీ వెతికాడు. మా మూటలో గుడ్డ చుట్టిన ఇటుక దొరికింది. నొప్పి వస్తే కాచి కడుపు మీద పెట్టడానికి తెచ్చుకున్నది.

"ఇదేందమ్మా?"

"మా పిల్ల మొగుడు," అంది మా ఆడబిడ్డ. "అసలాయన కంటే నయం. వెచ్చగుంటడు, ఎదురు మాట్లాడడు. దీనికి గూడ సుంకమా?"

బస్సంతా నవ్వింది. పిల్ల కొంగులో ముఖం దాచుకుంది. ఆ రోజు నేనూ నవ్వాను.

డాక్టరమ్మ మా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పండమ్మా, తొందరేం లేదు," అంది. పిల్లకు నోరు పెగల్లేదు. ఆమె అలాగే ఎదురుచూసింది. మొదలుపెట్టాక పిల్ల చాలాసేపు చెప్పింది. అందులో సగం నేనూ మొదటిసారి వింటున్నాను. తర్వాత పరీక్ష చేసి, గర్భసంచి లోపల ఉండవలసిన పొర లాంటిది బయట కూడా పెరుగుతోందనీ, నెలనెలా అదీ నెత్తురోడి, బయటికి దారి లేక లోపలే గడ్డ కడుతోందనీ చెప్పింది. ఎండోమెట్రియోసిస్ అని పేరు కూడా చెప్పింది. గడ్డలు తీసేయవచ్చు, మళ్లీ రాదని మాట ఇవ్వలేను అంది. "దీంతో బతకడం ఈ అమ్మాయి ఒక్కతే నేర్చుకుంటే సరిపోదు. ఇంట్లోవాళ్లూ నేర్చుకోవాలి," అంది నా వైపు చూసి.

ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది. మా ఆడబిడ్డ కిటికీ వైపు తిరిగింది. నేనే చెప్పాను. డాక్టరమ్మ కొన్ని ప్రశ్నలు వేసి, "మీకూ ఇదే అయి ఉంటుంది," అంది మెల్లగా.

తిరుగు ప్రయాణంలో నందిగామ దాటేదాకా ఆమె మాట్లాడలేదు. ఆమె అంతసేపు ఊరకుండటం ఆ చాప మీది రోజుల తర్వాత మళ్లీ అప్పుడే చూశాను. చివరకు అంది: "వదినా, ఇన్నేండ్లు నన్ను గొడ్రాలన్నరు. రోగమున్నదంటే ఎంత బాగుండు. రోగమొచ్చినదాన్ని మనిషే అంటరు గద."

ఒకే ఇంట్లో, ఒకే గది గుమ్మం ముందు నిలబడి ఇద్దరిని చూశాను నేను. రెండో ఆమెకు డాక్టరు దొరికింది, మొదటి ఆమె వెతికింది కనుక. ఆ వెతికినామె పదోరోజుకు కూడా నేను అందడం లేదు. కోదాడలో ఒక పెద్దాయన నాతో, "పోయినదాని పనికంటే బతికున్నదాని కడుపునొప్పి ఎక్కువైందా?" అన్నాడు. అవుననే అన్నాను. అన్నంత తేలిక కాలేదు.

ఇక జరగవలసినవి:

1. పదోరోజు నా కోసం ఆపవద్దు. ఈ కాగితంతో పాటు పుట్టింటి బట్టలు మా అబ్బాయి మంగళవారమే తెస్తాడు. కర్మ పట్టిన మా ఆడబిడ్డ మరిది కొడుకు చేయవలసినవన్నీ వేళకు చేయాలి.

2. మిర్యాలగూడ వాళ్లకు పిల్లను చూడాలనుంటే బెజవాడ రావాలి. పిల్ల భర్త వస్తానన్నాడు, రానివ్వాలి. సూర్యాపేటలో పంచాయితీ పెడితే నేను తలుపు తీయను.

3. ఆపరేషన్ తర్వాత పిల్ల నా దగ్గరే ఉంటుంది. నెలలో ఏ రోజైనా నా మంచం పక్కనే పడుకుంటుంది. ఆ గదిలో ఇకనుంచి వడ్లు పోస్తాం.

4. మీ ఇళ్లలో ఏ ఆడపిల్ల అయినా ఆ రోజుల్లో లేవలేకపోతే పెళ్లితో తగ్గుతుందని చెప్పవద్దు. నా దగ్గరికి పంపండి, బెజవాడకు నేను తీసుకెళ్తాను.

5. బుధవారం పొద్దుటి బస్సు కోదాడలో ఆగుతుంది. అది తప్పితే సాయంత్రం దాకా ఇంకోటి లేదు. ఆ వేళకు మీరు చెరువులో స్నానాలు చేసి, తడి చీరలతో రోడ్డు దాటుతూ ఉంటారు. నేను కిటికీ పక్కన ఉంటాను, పిల్ల నా భుజం మీద నిద్రపోతూ ఉంటుంది. చూసినవాళ్లు నన్ను పిలవవద్దు. పిలిస్తే దిగిపోతాను.