ఇది గోడ, ఇది నా చెయ్యి

గఫూర్ బాబాయికి ఉన్నది ఒకటే అలవాటు. ఎదురుగా ఉన్నవాటిని ఉన్నవి ఉన్నట్టు పైకి చెబుతాడు. గోడను చూసి ఇది గోడ అంటాడు. చెయ్యి చూసుకుని ఇది నా చెయ్యి అంటాడు. అందులో ఒక్క అబద్ధం ఉండదు, అయినా వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

మాది గుంటూరు శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజీ. నేను, ప్రేమ్‌చంద్‌ని, అక్కడ మిషన్ ఆపరేటర్ని. బాబాయి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసే ముఠాకి మేస్త్రీ. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రమే ఉంది. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్లు నన్ను చూసి నవ్వుతారు.

బాబాయి ఇదివరకు పనిచేసిన గొడౌన్ ఒకసారి తగలబడింది. మిరపకాయల పొగలో చిక్కుకుని, చావు తప్పి బయటపడ్డాడు. అప్పట్నుంచి టపాకాయ పేలినా, పొగ వాసన తగిలినా, కరెంటు పోయినా ఆయన మొదలుపెడతాడని అందరికీ తెలుసు. పాపం అనుకోవాలనే చూస్తాం. ఆయన అనుకోనివ్వాలి కదా. ముఠాలో పనిచేసే అల్లాబక్షు కూతురి పెళ్లిలో ఔట్లు పేలగానే విందు మధ్యలో లేచి నిలబడి, ఇది పందిరి, ఇది కుర్చీ, ఇది బిర్యానీ, ఇందులో ముక్కలు తక్కువ అని పెళ్లివారందరికీ వినపడేట్టు చెప్పాడు. అల్లాబక్షు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు.

ఇంకోసారి ఒంగోలు బస్సులో టైరు పేలింది. జనం కేకలు పెడుతుంటే బాబాయి సీటు పట్టుకుని, ఈయన డ్రైవరు, ఈయన కండక్టరు, ఈవిడ సంచిలో ఉన్నది కోడి అన్నాడు. బస్సు ఆగాక కండక్టరు చేసిన మొదటి పని కోడికి టిక్కెట్టు కొట్టడం. ఆవిడ ఒంగోలు దాకా బాబాయిని తిడుతూనే ఉంది.

బయట ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. మిర్చి నిలవుంచే ఛాంబర్ లోపల నవ్వు రాదు. అక్కడ పట్టపగలే చీకటి. తలుపు మూస్తే ఎండాకాలం బయటే ఆగిపోతుంది. ఇంటి ఎత్తు పేర్చిన టిక్కీల మధ్య సందుల్లో నడుస్తుంటే మన ఊపిరే తెల్లగా మన ముందు కదులుతుంది. కంప్రెసర్ ఆగితే పైన పైపుల్లో టక్, టక్ మని చప్పుడు, ఎవరో నింపాదిగా నడుస్తున్నట్టు. అది ఇనుము చల్లబడే చప్పుడని నాకు తెలుసు. తెలిసినా తల ఎత్తి చూడను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోతే టార్చి పట్టుకుని లోపలికి వెళ్లాను. చివరి వరసలో ఎక్కడో బాబాయి గొంతు వినిపించింది.

"ఇది చీకటి. ఒట్టి చీకటే. ఇది నేల. నేల కదలట్లేదు."

ఆయన ఆగాడు. కాసేపటికి, అదే చీకట్లోంచి, ఇంకో గొంతు సన్నగా పలికింది.

"కదలట్లేదు."

ఆడగొంతు. నేను బయటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. టార్చి మాత్రం లోపలే ఉండిపోయింది.

సాయంత్రానికి కథ తయారైపోయింది. పాత గొడౌన్లో కాలిపోయిన మనిషెవరో బాబాయి వెంట వచ్చేసిందన్నారు. ఆమెకు ముఠాలో ఒక్కొక్కడు ఒక్కో రంగు చీర కట్టాడు. నేను గొంతు ఒక్కటే విన్నానంటే, మిగతాది మేం చూశాం అన్నారు. చివరి వరసలోకి అడుగు పెట్టేవాడు లేక, వచ్చిన లారీ సగం లోడుతో వెళ్లిపోయింది. దాంతో ఓనరు చెంచయ్యగారు బాబాయిని పిలిపించారు.

"నువ్వు నోరు మూసుకుంటే చాలు గఫూరూ, నీ మేస్త్రీ పని నీకుంటది. లేదంటే రేపట్నుంచి రావద్దు."

బాబాయి తల దించుకున్నాడు. "అది నా చేతుల్లో లేదండి" అన్నాడు.

చెంచయ్యగారు చెడ్డమనిషి కాదు. పంపించేముందు ఆఖరి ప్రయత్నంగా దిష్టి తీయిద్దామన్నారు. తొడిమలు తీసే ఆడవాళ్లకు పెద్దదిక్కు సుబ్బరావమ్మ. ఆమె ఛాంబర్ తలుపు ముందు చప్టా మీద నిప్పుల బాణలి పెట్టింది, గుప్పెట్లో ఎండుమిరపకాయలు, కల్లుప్పు పట్టుకుంది. మిరపకాయల పొగలో మతి చెదిరిన మనిషికి మిరపకాయల పొగతోనే వైద్యం చేయడం మా ప్రాంతంవాళ్లకు తప్ప ఇంకెవరికీ తోచదు. ఆ క్షణాన మాలో ఒక్కడికీ అది తప్పనిపించలేదు.

ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ ఆమె బాబాయి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు భగ్గున లేచింది. అందరం దగ్గుతూ బాబాయి వైపు చూశాం, ఎప్పుడు మొదలుపెడతాడా అని. ఆయన మొదలుపెట్టలేదు. తలుపు చెక్క మీద అరచెయ్యి ఆనించి, పాదాలు నేలకు అదిమి, మెల్లగా ఊపిరి వదులుతున్నాడు. పెదవి కదలలేదు. సుబ్బరావమ్మ మొహం వెలిగిపోయింది.

అప్పుడు తెరిచిన తలుపులోంచి, పొగ పోయిన వైపునుంచి, లోపల ఎవరో మూలిగారు.

ముఠా అంతా వెనక్కి జరిగింది. బాబాయి ఒక్కడే లోపలికి పరుగెత్తాడు. "ఇది గోడ" అన్న కేక వినిపించింది. జవాబు లేదు. "ఇది గోడమ్మా, చెయ్యి పెట్టి చూడు." అయినా జవాబు లేదు. నేను వెనకాలే వెళ్లాను. ధైర్యముండి కాదు, చెంచయ్యగారు నా చొక్కా పట్టుకుని ముందుకు తోస్తూ వెనకే వచ్చారు.

చివరి వరసలో నాగజ్యోతి కూర్చుని ఉంది. రాలిన కాయలు ఊడ్చే అమ్మాయి, కనిగిరి వైపు పిల్ల. మోకాళ్లు కౌగిలించుకుని, కళ్లు తెరిచే ఉంది గాని మమ్మల్ని చూడటం లేదు. ఆ చూపు మా వెనకాల ఇంకేదో మంటను చూస్తున్నట్టుంది. బాబాయి ఆమెను తాకకుండా కాస్త దూరంగా నేల మీద చతికిలబడ్డాడు.

"ఊపిరి వదులమ్మా. మెల్లగా. గోడ ఎట్టా ఉంది?"

చాలాసేపటికి ఆమె వేళ్లు కదిలాయి. "చల్లగా ఉంది."

"నీ పక్కనున్నదేంది?"

"చీపురు."

"ఆ నిలబడ్డదెవరు?"

"ప్రేమ్‌చందన్న."

"ఆయన వెనకాల?"

ఆమె ఈసారి నిజంగా తల ఎత్తి చూసింది. "ఓనరుగారు. వణుకుతున్నారు."

ఆ మాటకు ఆమెకే నవ్వొచ్చింది. 

పాత గొడౌన్ కాలిననాడు ఆ పొగలో ఆమె కూడా ఉందట. చెబితే ఏ గొడౌన్లోనూ పని ఇవ్వరని ఎవరికీ చెప్పలేదు. బాబాయికి ఈ విద్య బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ నేర్పింది. వాసన తగలగానే మనసు ఆ రోజుకి పారిపోతుందట. ఊపిరి నెమ్మదిగా వదులుతూ, చూసిందీ ముట్టిందీ చెప్పుకుంటే తిరిగి ఇక్కడికి వస్తుందట.

"నాకు మనసులో అనుకుంటే సరిపోద్దిరా, ఎప్పుడో తగ్గింది" అన్నాడు బాబాయి. "ఈ పిల్లకి ఇంకా ఒక గొంతు వినపడాలి. నేను బయట కూడా అంటుంటేనే గదా, ఛాంబర్లో ఈ పిల్ల కోసం అన్నా ఎవరూ అనుమానపడరు. ఊరికి ఒక పిచ్చోడు చాలు, ఇద్దరెందుకు?"

"అయితే పెళ్లిలో బిర్యానీ సంగతి?" అన్నాను.

"అది నిజంగానే ముక్కలు తక్కువరా."

 చెంచయ్యగారు బయటికి వెళ్లి తన చేత్తోనే బాణలిలో నీళ్లు పోశారు. సుబ్బరావమ్మ కళ్లు తుడుచుకుంటూ, దిష్టి ఉంటే ఇంత ఘాటు రాదు, కాబట్టి ఇక్కడ దిష్టీ లేదు, దెయ్యమూ లేదని తీర్పు చెప్పింది. ముఠావాళ్లకు ఆ సాక్ష్యం సరిపోయింది. మేస్త్రీ పని బాబాయిదే, చీపురు నాగజ్యోతిదే అని ఓనరుగారు అందరి ముందూ అన్నారు.

మర్నాడు మళ్లీ కరెంటు పోయింది. చీకట్లో పైపుల మీద ఎవరో నడిచారు. చివరి వరసలోంచి నాగజ్యోతి గొంతు వచ్చింది, కాస్త వణుకుతూనే.

"ఇది గోడ."

 టిక్కీల మీదనుంచి ఒకడు "గోడే" అన్నాడు. ఇటు వరసలోంచి ఇంకొకడు "గోడేనమ్మా" అన్నాడు. ఇంకో మూలనుంచి నా గొంతు కూడా వినిపించి నేనే ఉలిక్కిపడ్డాను.

"గోడేలే, యాడికీ పోదు, పని కానీండి" అన్నారు చెంచయ్యగారు గుమ్మంలోంచి.

బాబాయి మాత్రం నోరు మెదపలేదు. ఓనరుగారి పక్కనే చప్టా మీద కూర్చుని టీ తాగుతున్నాడు.